11 ప్రదక్షిణలు, 65,000 వీసాలు

2025 మార్చి ఆఖరులో ఒక రాత్రి పొద్దుపోయాక మా పాత సహోద్యోగి ఫోన్ చేశారు. సికింద్రాబాదులో రక్షణ లెక్కల శాఖలో ఇద్దరం చాలా ఏళ్ళు పక్కపక్క సీట్లలో పనిచేశాం. వాళ్ళబ్బాయి అమెరికాలో ఎం.ఎస్. చేసి అక్కడే చిన్న ఉద్యోగంలో ఉన్నాడు. ఆ ఏడాది హెచ్1బి లాటరీలో కూడా అతని పేరు రాలేదు. వరసగా మూడోసారి.

"సార్, ఎక్కడో లెక్క తప్పాం. సంక్రాంతికి వచ్చినప్పుడు చిలుకూరులో 11 తిరిగానని వాడంటాడు. కాదు, 10 తిరిగాడు, నేను పక్కనే ఉన్నానని వాళ్ళమ్మ అంటోంది" అన్నారు.

సరదాకి అంటున్నారేమో అనుకున్నాను. కాదు. రూపాయి తేడా వస్తే బిల్లు వెనక్కి పంపిన మనిషి, వోచరు లేనిదే పైసా పాస్ చేయని మనిషి, ఇల్లు తాకట్టు పెట్టి కొడుకుని పంపి, ఇప్పుడు ఆ పదకొండో ప్రదక్షిణ ఎక్కడ పోయిందా అని వెతుకుతున్నారు. అంతకన్నా నన్ను బాధపెట్టింది ఇంకొకటి. ఆ అబ్బాయి కూడా తప్పు తనదేనని నమ్ముతున్నాడు. ఉద్యోగం బాగా చేశాడు, చదువు బాగా చదివాడు, కానీ గుడి చుట్టూ సరిగా తిరగలేదట!

ఆ రాత్రి ఆయనకి చెప్పడానికి నా దగ్గర సరైన మాట లేదు. తర్వాత కూర్చుని ఈ వీసా లెక్క ఎక్కడ మొదలైంది, ఎవరు రాశారు అని చూశాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా చిలుకూరు గుడి గురించి న్యాయంగా చెప్పాలి. ఉస్మాన్ సాగర్ పక్కనున్న ఆ గుడిలో హుండీ లేదు. డబ్బు అడగరు. మన దేశంలో అది చిన్న విషయం కాదు. కోరిక కోరుకుంటూ 11 ప్రదక్షిణలు, తీరాక 108. తీరినవాళ్ళ చేతిలో గళ్ళ కార్డు ఉంటుంది, చుట్టు చుట్టుకీ ఒక గడి కొట్టేస్తారు. గుడి పాతదే, అక్కన్న మాదన్నల కాలందని చెబుతారు. కానీ 'వీసా బాలాజీ' అన్న పేరు పాతది కాదు, 1990ల తర్వాత వచ్చింది. అంతకు ముందు మూడు వందల ఏళ్ళు ఆయన వీసాలు ఎందుకు ఇప్పించలేదు? తెలుగువాళ్ళు అప్పుడు దేశాలు పోలేదా?

పోయారు. వేలల్లో పోయారు. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక చెరుకు తోటలకి కూలీలు కావలసి వచ్చి, 1834 నుంచి మన దేశం నుంచి ఒప్పంద కూలీలను తీసుకుపోవడం మొదలుపెట్టారు. 1830లలోనే కోరంగి రేవు నుంచి తెలుగువాళ్ళు మారిషస్ వెళ్ళారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో నేటాల్ చేరింది. 1903 నుంచి మద్రాసు రేవులోనే ఫిజీకి ఎక్కించారు. ఆనాటి పని అనుమతి కాగితం ఎమిగ్రేషన్ పాస్. అందులో మనిషి పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు, గాయం గుర్తులు అన్నీ రాసేవారు. ఇంత వివరంగా రాసిన రిజిస్టర్లు మా ఆఫీసులో కూడా నేను చూడలేదు! ఒప్పందం అయిదేళ్ళు. 'అగ్రిమెంట్' అన్న మాట నోరు తిరగక 'గిర్‌మిట్' అయింది.

గమనించండి, ఆ పాస్ కోసం ఎవరూ మొక్కుకోలేదు. మనిషిని పట్టుకొచ్చి సంతకం చేయించుకోవడానికే ఏజెంటుకి డబ్బిచ్చేవారు. తోటల వాళ్ళకి మనుషులు కావాలి, కనుక తలుపు బార్లా తెరిచి ఉంది. 1917లో ఆ భరతీ ఆపేశారు, తలుపు మూసుకుంది. కూలీ బాగోగులు చూడాలని అప్పట్లో పెట్టిన 'ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్' అన్న ఉద్యోగం పేరు మాత్రం 1983 ఎమిగ్రేషన్ చట్టంలోకి అలాగే నడిచి వచ్చింది.

బర్మాది ఇంకో రకం కథ. "రంగం పోయాడు" అంటే రంగూన్ పోయాడని మా తాతల తరానికి తెలుసు. అక్కడ మనవాళ్ళని కోరంగీలు అనేవారు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం కనుక ఓడ టికెట్టు ఉంటే చాలు. విడిపోయాక 1941లో వలసల మీద ఒప్పందం కుదిరి పర్మిట్ల మాట వచ్చింది. మరుసటి ఏడే జపాన్ సైన్యం వచ్చి, కాగితాలు ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ అడవుల వెంట నడిచి రావలసి వచ్చింది.

ఇక అమెరికా. 1917 చట్టంతో ఆసియాలో చాలా భాగానికి గీత గీసి, గీతలోపలి వాళ్ళు వలస రాకూడదన్నారు. మనం గీతలోపలే. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీం కోర్టు భారతీయులు 'తెల్లవారు' కారు కనుక పౌరసత్వానికి అర్హులు కారంది. విద్యార్థులకి మాత్రం మినహాయింపు ఉండేది. ఆ సందులోంచే 1920లలో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరారు. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ లాంటి వాటి వెనక ఆయన చేయి ఉంది. 1948లో అక్కడే చనిపోయేనాటికి కూడా ఆయన అమెరికా పౌరుడు కాదు. మందు కనిపెట్టడానికి ఆయన పనికొచ్చారు గానీ ఆయన బతుకులో ఎక్కువ కాలం పౌరసత్వానికి దరఖాస్తు పెట్టే హక్కే లేదు.

1946లో మనకి ఏడాదికి 100 మంది అని కోటా ఇచ్చారు. నూరు, దేశం మొత్తానికి. 1965లో జాన్సన్ సంతకం చేసిన చట్టంతో జాతుల కోటాలు పోయాయి. అప్పుడే మన డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్ళడం మొదలైంది. ఇక్కడి నుంచి వెళ్ళడమైనా హక్కు కాదు అప్పటికి. పాస్‌పోర్టు ప్రభుత్వం దయ. 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో మన సుప్రీం కోర్టు విదేశయానం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని చెప్పాకే అదే ఏడాది పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. ఈ తలుపులు తెరిచిన మనుషుల పేర్లు, తారీకులు అన్నీ గెజిట్లలో ఉన్నాయి.

ఇప్పుడు మనవాడు ఇరుక్కున్న హెచ్1బి దగ్గరికి వద్దాం. 1990 నవంబరులో పెద్ద బుష్ సంతకం చేసిన చట్టం దాన్ని ఈ రూపంలో తెచ్చింది. డిగ్రీ అవసరమైన ప్రత్యేక వృత్తి ఉండాలి, ఏడాదికి 65,000 మించకూడదు. మొదట్లో అన్ని దరఖాస్తులే రాలేదు. 1997లో మొదటిసారి పరిమితి నిండింది. వై2కె పనికి మనుషులు కావాలి, మన రాష్ట్రంలో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి, అమీర్‌పేటలో కోర్సుల బోర్డులు కరెంటు స్తంభాలకి కూడా వేలాడాయి. కంపెనీలు ఒత్తిడి చేస్తే అమెరికా కాంగ్రెస్ పరిమితిని 1,15,000కి, 2000లో చేసిన చట్టంతో 1,95,000కి పెంచింది. చిలుకూరుకి బస్సులు నిండిన రోజులు సరిగ్గా ఇవే.

తర్వాత డాట్‌కామ్ బుడగ పేలింది. 2002, 2003 ఆర్థిక సంవత్సరాల్లో ఆ 1,95,000లో సగం కూడా వాడుకోలేదు. మా భాషలో చెప్పాలంటే బడ్జెట్ మురిగిపోయింది. ఇంకా లక్ష వీసాలు మిగిలి ఉండగా ప్రదక్షిణలు చేసి కూడా ఉద్యోగం దొరక్క కూర్చున్న కుర్రాళ్ళు హైదరాబాదులో కోకొల్లలు. 2003 అక్టోబరు నుంచి మళ్ళీ 65,000. అందులోనే చిలీ, సింగపూర్‌లకి 6,800 పక్కన పెట్టారు. అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకి ఇంకో 20,000 తర్వాత కలిపారు. అంటే 85,000. ఇన్నేళ్ళయినా ఆ అంకె అదే.

2007 ఏప్రిల్‌లో మొదటి రెండు రోజుల్లోనే లక్షా 23 వేల దరఖాస్తులు పడ్డాయి. అందుకని లాటరీ తీశారు. రెండేళ్ళు తిరిగేసరికి, 2009లో, ఆర్థిక మాంద్యం. ఆ ఏడాది డిసెంబరు 21 దాకా కోటా నిండలేదు. అంటే ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా సక్రమంగా దరఖాస్తు పడ్డ వాళ్ళెవరికైనా చోటుంది, గుడికి వెళ్ళినా వెళ్ళకపోయినా. 2013లో మళ్ళీ లాటరీ. మహిమ ఎక్కువైన సంవత్సరాలు, తగ్గిన సంవత్సరాలు ఒక కాయితం మీద రాసి, పక్కన అమెరికా కాంగ్రెస్ చట్టాలు, అక్కడి వ్యాపార పరిస్థితి రాసి చూడండి. రెండో వరసతోనే మొత్తం లెక్క సరిపోతుంది. మొదటి వరసకి విడిగా పద్దు అవసరం రాదు.

మా మిత్రుడి కొడుకు పాల్గొన్న మూడు లాటరీలూ చూద్దాం. 2023 మార్చిలో అర్హమైన రిజిస్ట్రేషన్లు సుమారు 7 లక్షల 59 వేలు, ఎంపికైనవి 1,88,400. నూటికి 25. 2024లో నూటికి 29. 2025లో 3,43,981కి 1,20,141, నూటికి 35. (85,000 కన్నా ఎక్కువ తీస్తారు, ఎంపికైనా దరఖాస్తు వేయనివాళ్ళు ఉంటారని.) మూడుసార్లూ పేరు రాని అవకాశం కట్టండి: 0.75ని 0.71తో, దాన్ని 0.65తో గుణిస్తే దాదాపు 0.35. మాస్టర్స్ వాళ్ళకి ఇంకాస్త మెరుగు. అయినా మూడేళ్ళూ రానివాళ్ళు వేలల్లో ఉంటారు. వాళ్ళలో ఒకడు ఇతను. ప్రదక్షిణ తప్పలేదు, చదువు తప్పలేదు, ఏదీ తప్పలేదు.

మరి గుడికి వెళితే ఎటు చూసినా వీసా వచ్చినవాళ్ళే కనిపిస్తారే? ఈ ప్రశ్న మా మిత్రుడూ వేశారు. మంచి ప్రశ్న. దీనికి లెక్కుంది. వెయ్యిమంది వెళ్ళి తలా 11 తిరిగారనుకుందాం. మొత్తం 11,000 చుట్లు. వాళ్ళలో 350 మందికి లాటరీ తగిలింది. వాళ్ళు తిరిగొచ్చి తలా 108. అది 37,800. రెండూ కలిపి 48,800 చుట్లు. అందులో నూటికి 77 వంతులు నెగ్గినవాళ్ళు మొక్కు తీర్చుకునే చుట్లే! నెగ్గింది మూడోవంతు మంది, కానీ మీరు ఏ వేళలో వెళ్ళి చూసినా నడుస్తున్నవాళ్ళలో నలుగురిలో ముగ్గురి చేతిలో గళ్ళ కార్డుంటుంది. మిగతా 650 మంది మళ్ళీ వచ్చి "నాకు రాలేదు" అని చెప్పి తిరగాల్సిన ప్రదక్షిణ ఏదీ లేదు. జమ మాత్రమే రాసి ఖర్చు రాయని పుస్తకం అది. ఎవరూ మోసం చేయలేదు. 11, 108 అన్న నియమంలోనే ఆ బొమ్మ తయారవుతుంది.

మలినోవ్‌స్కీ అనే మానవ శాస్త్రవేత్త ట్రోబ్రియాండ్ దీవుల్లో గమనించిన విషయం హేతువాదులకి తెలిసే ఉంటుంది. ప్రశాంతమైన లగూన్‌లో చేపలు పట్టేటప్పుడు వాళ్ళు మంత్రాలు వాడరు. చేప గ్యారంటీ. ప్రమాదం, అనిశ్చితి ఉన్న నడిసముద్రానికి వెళ్ళేటప్పుడే మంత్రతంత్రాలు. మనవాళ్ళూ అంతే. డ్రైవింగ్ లైసెన్సుకో బాలాజీ లేడు. ఎవరి చేతిలోనూ లేని లాటరీకి ఉన్నాడు. కనుక వాళ్ళని తెలివితక్కువ వాళ్ళనడం నాకు ఇష్టం లేదు. చేతిలో లేనిదాన్ని చేతిలోకి తెచ్చుకున్నట్టు అనిపించడానికి మనిషి పడే పాటు అది.

ఇందులో ఒక తమాషా ఉంది. హెచ్1బికి దరఖాస్తుదారు ఉద్యోగి కాదు, కంపెనీ. లేబర్ కండిషన్ పత్రం కంపెనీ వేయాలి, పిటిషన్ కంపెనీ వేయాలి, దాని ఖర్చు కంపెనీయే భరించాలి. న్యాయంగా 11 ప్రదక్షిణలు చేయాల్సింది కంపెనీ పర్సనల్ మేనేజరు. "ఇంత కడితే హెచ్1బి వేయిస్తాం" అని ఎవరైనా అడిగారంటే, ఆ ఒక్క మాటతోనే ఆ కాగితం అబద్ధమని తెలుసుకోవచ్చు. 2023 రిజిస్ట్రేషన్లలో 4 లక్షల పైచిలుకు ఒకే మనిషికి రెండు మూడు కంపెనీలు వేసినవి. దేవుడి మీద పూర్తి భారం వేయకుండా మనవాళ్ళు కొంత ముందుజాగ్రత్త కూడా తీసుకున్నారన్నమాట. 2024 నుంచి ఎన్ని కంపెనీలు వేసినా మనిషికి ఒక్క చీటీయే అన్నారు, రిజిస్ట్రేషన్ల సంఖ్య పడిపోయింది. 2025 సెప్టెంబరులో అధ్యక్షుడి ప్రకటనతో దేశం బయటున్నవాళ్ళ కొత్త పిటిషన్లకి లక్ష డాలర్ల రుసుము పెట్టారు. డిసెంబరులో, జీతం స్థాయి ఎక్కువైనవారికి ఎక్కువ చీటీలు అన్న నియమం తెచ్చారు. లాటరీ స్వరూపమే మారింది. దీనికీ గుడికీ సంబంధం లేదు.

ఆ రాత్రి ఫోన్లో అసలు విషయం ఆఖర్న వచ్చింది. ఒక ఏజెంటు వాళ్ళకి దారి చెప్పాడట. ఇంకో యూనివర్సిటీలో చేరితే మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు, సి.పి.టి. అంటారు, క్లాసులు నామమాత్రం, ఫీజు కడితే చాలు. "దేవుడే ఈ దారి చూపించాడేమో సార్" అన్నారు. ఇక్కడ నాకు భయం వేసింది. సి.పి.టి. అనేది చట్టంలో ఉన్నదే, చదువులో భాగంగా చేసే శిక్షణ. చదువే లేకపోతే అది శిక్షణ కాదు, నేరం. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి చేసినప్పుడు అందులో ఉన్న పదిహేను వందల పైచిలుకు విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వాళ్ళలో చాలామంది మన తెలుగు పిల్లలు. కొందరి కాళ్ళకి రేడియో పట్టీలు కట్టారు. దాన్ని నడిపినావిడకి 2014లో 16 ఏళ్ళకు పైగా జైలు శిక్ష పడింది, పిల్లల చదువూ డబ్బూ పోయాయి. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బయటపడింది. దాన్ని 2015లో పెట్టింది అక్కడి ప్రభుత్వ అధికారులే, వలకోసం. క్లాసుల్లేవు, పంతుళ్ళు లేరు. మొదటి విడత అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. వాళ్ళలో ఎందరు చిలుకూరు వెళ్ళి వచ్చారో నాకు తెలియదు గానీ, క్లాసు రూము ఎక్కడుందని అడిగినవాళ్ళు మాత్రం తక్కువే.

గల్ఫ్ వెళ్ళే మనవాళ్ళ విషయంలో ఇదే ఇంకా చిన్న అంకెల్లో, ఇంకా పెద్ద దెబ్బగా జరుగుతుంది. కువైట్‌లో 20 నంబరు వీసా ఇంటిపనికి, 18 నంబరు కంపెనీ పనికి. కాగితం మీద ఏముందో చదవకుండా డ్రైవరు పని అనుకుని వెళ్ళి 20 మీద ఎడారిలో గొర్రెలు కాసినవాళ్ళున్నారు. 'ఆజాద్ వీసా' అని ఏజెంట్లు అమ్మేది ఏ గల్ఫ్ దేశం చట్టంలోనూ లేదు. కఫీలు వద్ద కాకుండా వేరేచోట పనిచేస్తే చట్టం దృష్టిలో పారిపోయినవాడే. నిజామాబాదు, కరీంనగర్, కడప, గోదావరి జిల్లాల్లో ఈ మాట ఇంటింటికీ తెలుసు, అయినా కొనేవాళ్ళు ఆగలేదు.

మా మిత్రుడికి ట్రైవ్యాలీ, ఫార్మింగ్టన్ వార్తలు పంపాను. పైన రాసిన 48,800 చుట్ల లెక్క కూడా ఒక కాగితం మీద వేసి పంపాను, మా పాత అలవాటు ప్రకారం రెండు వరసలు గీసి. రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "కూడిక సరిపోయింది సార్" అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టారు. కోపం వచ్చిందో లేదో తెలియలేదు.

అబ్బాయి సి.పి.టి.లో చేరలేదు. 2025 ఆగస్టులో వచ్చేశాడు, హైదరాబాదులో ఉద్యోగం చూసుకున్నాడు, ఇంటి మీది అప్పు నెలనెలా కడుతున్నాడు. ఆ దసరాకి నాకే నేరుగా ఫోన్ చేశాడు. "అంకుల్, మ్యూనిక్ కంపెనీ ఒకటి 46,000 యూరోలు ఇస్తానంటోంది. బ్లూ కార్డుకి 48,300 ఉండాలంటున్నారు, తక్కువైంది కదా" అన్నాడు. 48,300 అన్నది 2025కి మామూలు పరిమితి, నిజమే. కానీ కొరత ఉన్న వృత్తులకి ఆ ఏడాది పరిమితి 43,759 యూరోల 80 సెంట్లు, సాఫ్ట్‌వేర్ ఆ జాబితాలో ఉంది. లాటరీ లేదు. అర్హత ఉంటే ఇస్తారు, లేకపోతే లేదు. కొత్త సంవత్సరంలో అంకె మారుతుంది కనుక దరఖాస్తు ఈ డిసెంబరులోపే పడేలా చూడమన్నాను. ఇక్కడి బీటెక్ కాలేజీకి అనబిన్ పట్టికలో గుర్తింపు ఉందో లేదో ముందు చూసుకోమన్నాను. చూశాడు, ఉంది.

వాళ్ళమ్మ మాత్రం వచ్చే శనివారం చిలుకూరు వెళదామంటోందట. ఈసారి ముగ్గురూ ఎవరికి వాళ్ళు విడివిడిగా లెక్కపెట్టుకుంటారట.